చట్టాంపిళ్ళ ఉద్యోగం

జీతం తీసుకుని ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా వీధిలో నా గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడుకున్న పాపాన పోలేదు. జీతం లేని ఉద్యోగం ఒకటి ఒప్పుకున్నానో లేదో, మర్నాటికల్లా పెద్ద వార్తనైపోయాను.

సంగతేమిటంటే, బంగారుపాళ్యానికి దగ్గర్లోనే ఒక పల్లె ఉంది. అక్కడి బడికి వారానికి రెండు సాయంకాలాలు వెళ్ళి, ఆరో తరగతిలో చదువు అంతగా అందని పిల్లల్ని ఏడెనిమిది మందిని దగ్గర కూర్చోబెట్టుకుని, కాస్త చదివించి, కాస్త లెక్కలు చేయించి వస్తానని మాట ఇచ్చాను. "ఇట్లా వచ్చేవాళ్ళను మెంటరు అంటారంట సార్. పేరు పెద్దదే. జీతం సంగతి మాత్రం అడగొద్దండి" అన్నారు అక్కడి హెడ్మిస్ట్రెస్ గారు నవ్వుతూ.

మొదటి రోజు భుజాన సంచీ తగిలించుకుని బయలుదేరాను. మా ఎదురింటి పెద్దాయన తొంభైకి దగ్గర పడుతున్నారు. వీధిలో పోయేవాళ్ళ లెక్క వారి తిన్నె దాటిపోదు. "యాడికబ్బయ్యా, బడికి పొయ్యే పిలకాయ మాదిరి సంచీ తగిలించుకుని పోతా ఉండావు?" అన్నారు.

"బడికే మామా" అని జరిగింది చెప్పాను. అంతా విని, ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేట్టు నవ్వారు.

"ఓహో, సట్టాంపిళ్ళ ఉద్యోగమా! ఎనిమిదేండ్లకు దొరకాల్సిన పని నీకు ఇంత వయసొచ్చినాక దొరికిందే!"

ఆ మాట వినక ఎన్నేళ్ళయిందో! మా వైపు తెలుగూ అరవమూ పాలూ నీళ్ళూ లాగా కలిసి ఉంటాయని పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చట్టాంపిళ్ళై అనేది తమిళ దేశపు తిన్నె బడుల నుంచి వచ్చిన మాట. అయ్యవారి తరువాత అయ్యవారంతటివాడు. పెద్ద తరగతి పిల్లవాడు చిన్న తరగతి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఓనమాలు దిద్దిస్తాడు, ఎక్కాలు వల్లె వేయిస్తాడు. అయ్యవారు భోజనానికి వెళ్ళినా, ఒక కునుకు తీసినా, బడి మాత్రం ఆగదు. "చట్టం నిలిపే పిల్లోడు, అందుకే ఆ పేరు" అని మా పెద్దాయన వ్యుత్పత్తి కూడా చెప్పారు. పండితులు ఒప్పుకుంటారో లేదో గాని, నాకు మాత్రం నచ్చింది.

ఇక మెంటరు సంగతి. ఈ మాట గ్రీకుల పురాణ కథలోది. ఓడిస్సియస్ అనే రాజు ట్రాయ్ యుద్ధానికి పోతూ తన ఇంటిని మెంటర్ అనే మిత్రుడికి అప్పగించి వెళతాడు. రాజుగారి కొడుకు టెలిమాకస్‌కు దారి చూపవలసి వచ్చినప్పుడు జ్ఞానానికి అధిదేవత అయిన అథీనా ఆ మిత్రుడి రూపం వేసుకుని వస్తుంది. 1699లో ఫెనెలాన్ అనే ఫ్రెంచి మతాచార్యుడు ఈ టెలిమాకస్ కథను నవలగా వ్రాసిన తరువాత మెంటరు అన్న మాట దేశదేశాల భాషల్లోకి పాకింది. బాగానే ఉంది. కాని ఒక రాజకుమారుడు, వాడికి ఒక దేవత! మా ఆరో తరగతికి వస్తే, పిల్లలు ఎనిమిది మంది. దేవత స్థానంలో మోకాళ్ళ నొప్పులతో నేను. ఈ లెక్కన మెంటరు కన్నా చట్టాంపిళ్ళే నాకు తగిన పేరు అనిపించింది. అనిపించి ఊరుకోకుండా, ఈ చట్టాంపిళ్ళ వంశ చరిత్ర ఏమిటా అని పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడికో తీసుకుపోయింది.

మొట్టమొదట దొరికినవాడు పియెత్రో దెల్లా వాల్లె అనే ఇటలీ యాత్రికుడు. 1623 నవంబరులో కన్నడ దేశంలో ఇక్కేరి రాజ్యం గుండా ప్రయాణం చేస్తూ ఒక గుడి మండపంలో ఆగాడు. అక్కడ నలుగురు చిన్నపిల్లలు లెక్కలు నేర్చుకుంటున్నారు. నేల మీద సన్నటి ఇసుక పరుచుకుని, ఒకడు పాఠాన్ని రాగం తీసి పాడుతూ ఇసుక మీద వేలితో వ్రాస్తాడు. మిగతా ముగ్గురూ వాడి వెంట పాడుతూ అదే వ్రాస్తారు. నేల నిండిపోతే మళ్ళీ కొత్త ఇసుక చల్లుకుంటారు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. పక్కన గురువు కూడా లేడు. దొరగారికి ఆశ్చర్యం వేసి అడిగాడు: మీకు ఏదైనా తట్టకపోతే దిద్దేవాళ్ళెవరు? దానికి ఆ పిల్లలు, ఒకే చిక్కు దగ్గర నలుగురమూ ఒకేసారి ఆగిపోవడం జరగదు గదా, ఎవడికి తెలిస్తే వాడు చెపుతాడు అన్నారట.

నాలుగు వందల ఏళ్ళ నాటి ఈ జవాబు చదివి, భలే మాట అని పుస్తకం మూసేశాను. మూసేసి ఆ సాయంకాలం బడికి వెళ్ళి, సరిగ్గా దానికి విరుద్ధంగా ప్రవర్తించి వచ్చాను. అదీ చెప్పాలి.

నా ఎనిమిది మందిలో ఒక ఆడపిల్ల ఉంది. పేరెందుకు లెండి. చదవడం ఫరవాలేదు, లెక్కల దగ్గర మాత్రం బిగుసుకుపోయేది. ఆ రోజు 402లోంచి 158 తీసివేయమన్నాను. రెండులో ఎనిమిది పోదు. పక్కింట్లో అప్పు తెచ్చుకోవాలి. పక్కింట్లో సున్నా ఉంది. అక్కడ పలక మీద బలపం ఆగిపోయింది. నేను ఒకసారి చెప్పాను. రెండోసారి ఇంకాస్త గట్టిగా చెప్పాను. మూడోసారి చెప్పి, "ఇంత చిన్న లెక్క కూడా రాకపోతే ఎట్లా?" అన్నాను. కోప్పడలేదండీ, మామూలుగానే అన్నాననుకున్నాను. ఆ పిల్ల తలెత్తలేదు. గంట కొట్టిందాకా బలపం కదల్లేదు.

తరువాతి మంగళవారం ఆ పిల్ల రాలేదు. శుక్రవారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు. జూన్ నెలాఖరు రోజులు. మా బంగారుపాళ్యం మామిడి మండీ దగ్గర ట్రాక్టర్లూ లారీలూ బారులు తీరే కాలం. తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాలం. అటువంటి రోజుల్లో తోటల్లో కాయలేరే పనికి పిల్లలు తల్లుల వెంట పోవడం మా వైపు కొత్తేమీ కాదు. "వాళ్ళమ్మతో తోటకు పోతా ఉండాదంట సార్" అన్నారు పిల్లలు. "చదువు రాదు, ఇస్కూలుకు పోను అనిందంట."

తోటకు పోయే పిల్లల్లో ఎందరు తిరిగి వస్తారో, ఎందరు రారో మాబోటివాళ్ళకు తెలియనిది కాదు. ఆరో తరగతిలో ఆగిపోయిన ఆడపిల్ల తరువాతి మజిలీ ఏమిటో వ్రాయనక్కర్లేదు. ఆ పిల్లకు చదువు రాదన్న మాట చెవిలో వేసింది మాత్రం నేను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్ళీ పుస్తకాలే దిక్కయ్యాయి.

ఈసారి చరిత్ర నన్ను మద్రాసు తీసుకువెళ్ళింది. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో సైనికుల పిల్లల అనాథ శరణాలయానికి సూపరింటెండెంటు అయ్యాడు. ఉపాధ్యాయులు కొద్దిమంది, వాళ్ళకూ పని మీద మనసు లేదు. ఒకనాటి ఉదయం గుర్రం మీద పోతూ దారిలో ఒక నాటు బడి చూశాడు. పిల్లలు నేల మీద కూర్చుని ఇసుకలో వేళ్ళతో అక్షరాలు వ్రాస్తున్నారు. దొరగారు సంబరంగా బడికి తిరిగి వచ్చి, మనమూ అట్లాగే నేర్పుదాం అన్నాడు. ఉపాధ్యాయులు అది కుదిరే పని కాదన్నారు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి పిలిచి అక్షరాల తరగతి వాడి చేతికి అప్పగించాడు. వాడొక మామూలు సిపాయి కొడుకు. పెద్దవాళ్ళు కుదరదన్న పనిని ఆ కుర్రవాడు చేసి చూపించాడు.

బెల్ 1796లో స్వదేశం వెళ్ళి మరుసటి ఏడాది ఈ అనుభవాన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. పిల్లలచేత పిల్లలకు చెప్పించే ఆ పద్ధతికి సీమలో మద్రాసు పద్ధతి అని పేరు పడింది. ఈయన డబ్బుతో ఈయన పుట్టిన ఊరు సెయింట్ ఆండ్రూస్‌లో 1833లో తెరిచిన బడి పేరు కూడా మద్రాసు కాలేజీయే. మన మద్రాసు పేరు చెన్నై అయింది గాని, స్కాట్లండులో మాత్రం మద్రాసు చెక్కుచెదరకుండా ఉంది.

ఇసుక మీద వ్రాత చూసి నేర్చుకున్నానని బెల్ ఒప్పుకున్నాడు గాని, పిల్లలచేత చెప్పించడం మాత్రం తన సొంత ఆలోచన అన్నాడు. కావచ్చు. కాని ఆ పని మన తిన్నెల మీద అప్పటికే జరుగుతూ ఉందని చెప్పడానికి ఇంకొక దొరగారి సాక్ష్యం ఉంది. ఆయన ఏ. డి. క్యాంబెల్. 1816లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం అచ్చు వేసిన మనిషి. అందువల్ల మన బడుల తీరు తెలియదనడానికి లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రతి కలెక్టరునూ మీ జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్క చెప్పమన్నప్పుడు బళ్ళారి కలెక్టరుగా క్యాంబెల్ 1823 ఆగస్టులో జవాబు వ్రాశాడు. మా బంగారుపాళ్యం అప్పట్లో ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. బళ్ళారి జిల్లా అంటే ఆ రోజుల్లో అనంతపురం ప్రాంతం కూడా కలుపుకుని ఉన్న పెద్ద జిల్లా. అంటే క్యాంబెల్ చూసినవి రాయలసీమ బడులే.

ఆ నివేదిక చదువుతుంటే తిన్నె బడి కళ్ళ ముందు కదులుతుంది. పొద్దున ఆరు గంటలకే బడి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు. రెండోవాడికి సున్నా, మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ పైన వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి. చిన్న తరగతులు కొంతవరకు పెద్ద పిల్లల పెత్తనంలో ఉంటాయి. పై తరగతులను అయ్యవారు స్వయంగా చూసుకుంటారు. ముందు నేర్చినవాళ్ళచేత వెనకవాళ్ళకు చెప్పించే ఈ ఏర్పాటును క్యాంబెల్ మనసారా మెచ్చుకుని, ఇంగ్లండువాళ్ళు దీన్ని అనుకరించడం న్యాయమే అని వ్రాశాడు. అది చదివి నేను ఒక క్షణం మీసం మెలేసిన మాట నిజం.

కాని అదే నివేదికలో మీసం దించవలసిన సంగతులూ ఉన్నాయి. సోమరి పిల్లవాణ్ణి రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళట. మన పెద్దవాళ్ళు కోదండం అనేది అదే. ఆపకుండా గుంజీలు తీయించేవాళ్ళట. ఇంకొక లెక్క. ఆ జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు అరవై మంది! తొమ్మిది లక్షల పైచిలుకు జనం ఉన్న జిల్లాలో అరవై మంది ఆడపిల్లలు. ఊరికి అవతల ఉండే వాడల పిల్లలకు ఆ తిన్నె మీద చోటు మరీ అరుదు. తోటకు వెళ్ళిపోయిన మా పిల్ల ఆ రోజుల్లో పుట్టి ఉంటే, 402లోంచి 158 ఎట్లా తీసివేయాలన్న ప్రశ్నే దాని దాకా వచ్చేది కాదు. పాత కాలం బంగారం అనేవాళ్ళు ఈ అరవై అంకెను ఒకసారి తలుచుకోవాలి. ఇంత కష్టపడి ఆడపిల్లలు బడి దాకా వచ్చిన కాలంలో ఒక్క మాటతో వెనక్కి పంపేవాళ్ళు కూడా తలుచుకోవాలి. నేనే తలుచుకున్నాను.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆమె నన్నేమీ అనలేదు. ఎనిమిదో తరగతి నుంచి ఒక పిల్లను పిలిచి, "మీ వీధి పిల్లే కదా, రేపు నీతో కూడా పిలుచుకుని రామ్మా" అన్నారు. ఏం చెప్పి తెచ్చిందో నాకు తెలియదు గాని, శుక్రవారం నాటికి ఇద్దరూ వచ్చారు. చిన్నది నా వైపు చూడకుండా గోడ పక్కన కూర్చుంది.

ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి పాత నోటుపుస్తకంలో కాగితాలు చించి, కొన్నిటి మీద నూరు అని, కొన్నిటి మీద పది అని, కొన్నిటి మీద ఒకటి అని వ్రాసింది. "నీ దగ్గర నాలుగు నూర్లు, రెండు రూపాయిలు ఉండాయి. నాకు నూటా యాభై ఎనిమిది ఇయ్యాల. ఇయ్యి" అంది.

"ఎనిమిది రూపాయిలు లేవు గదక్కా."

"లేకపోతే ఏం జేస్తావు? మండీలో మీ నాయన ఏం జేస్తాడు?"

"నోటు మారుస్తాడు."

"నువ్వూ మార్చు."

చిన్నది ఒక నూరు కాగితం ఇచ్చి పది పదులు తీసుకుంది. ఒక పదిని ఇచ్చి పది ఒకట్లు తీసుకుంది. ఎనిమిది ఇచ్చింది. యాభై ఇచ్చింది. నూరు ఇచ్చింది. మిగిలింది లెక్క పెట్టుకుని, "రెండు వందల నలభై నాలుగు" అంది. అని, మొట్టమొదటిసారి తలెత్తి నా వైపు చూసింది.

అంతా అయిన తరువాత పెద్దపిల్లను పక్కకు పిలిచి, "ఈ ఉపాయం నీకెట్లా తట్టిందమ్మా?" అని అడిగాను.

"నాకూ రెండేండ్ల ముందు సున్నా కాడే నిలబడిపోయేది సార్. అందుకే దానికి యాడ ఆగిపోతా ఉండాదో నాకు తెలుసు. మీకు తెలీదు" అంది.

ఆ పిల్ల ఎగతాళికి అనలేదు. ఉన్నమాటే అంది. తీసివేత నేర్చుకుని నాకు అరవై ఏళ్ళు దాటింది. అది ఎక్కడ కష్టంగా ఉంటుందో ఏనాడో మరిచిపోయాను. నిన్న దాటినవాడికి వాగులో రాయి ఎక్కడుందో జ్ఞాపకం ఉంటుంది, ఎన్నడో వంతెన మీద పోయినవాడికి ఉండదు. ఎగ్మూరులో పెద్ద ఉపాధ్యాయులకు కుదరని పని ఎనిమిదేళ్ళ ఫ్రిస్కెన్‌కు ఎందుకు కుదిరిందో, గుడి మండపంలో ఆ నలుగురు పిల్లలకు గురువు అవసరం అప్పటికప్పుడు ఎందుకు రాలేదో ఆ సాయంకాలం నాకు తెలిసింది.

తెలివి వచ్చిన మనిషి ఊరుకుంటాడా! ఆ వారం నుంచీ నాకు కష్టమనిపించిన ప్రతి పిల్లనూ ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి దగ్గరికి పంపడం మొదలుపెట్టాను. నాలుగు వారాలు చూసి హెడ్మిస్ట్రెస్ గారు మెల్లగా అడిగారు. "బాగానే ఉండాది సార్. కాని ఆ బిడ్డ తన చదువు ఎప్పుడు చదువుకోవాల?"

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు లేకనే సీమలో మద్రాసు పద్ధతి చెడిపోయింది. బెల్‌కు తరువాత పోటీదారు అయిన జోసెఫ్ లాంకాస్టర్ అనే ఆయన 1798లో లండనులో బడి పెట్టి, పిల్లల సాయం ఉంటే ఒక్క ఉపాధ్యాయుడు వెయ్యి మందికి చదువు చెప్పవచ్చునన్నాడు. చెవికి ఎంత ఇంపుగా ఉంది! ఖర్చు పెట్టవలసినవాళ్ళకు ఇంకా ఇంపుగా వినిపించింది. పెద్ద పెద్ద హాళ్ళు కట్టి, వందల మందిని బారులు తీర్చి, ఒక్క మాస్టరును పెట్టి, మిగతాదంతా పిల్లల నెత్తిన వేశారు. చెప్పే పిల్లవాడికి తన పాఠం తప్ప ఇంకొకటి తెలియదు, వాడు చిలకలాగా చెప్పేది వీళ్ళు చిలకల్లాగా అప్పగించేవాళ్ళు. శిక్షల్లోనూ మనకు తీసిపోలేదు. తప్పు చేసినవాణ్ణి బుట్టలో కూర్చోబెట్టి కప్పుకు వేలాడదీసేవాడు లాంకాస్టర్, మన కోదండానికి చెల్లెలి వరస! చివరికి 1846లో అక్కడి ప్రభుత్వం కళ్ళు తెరిచి, పదమూడేళ్ళు నిండిన పిల్లలను ఐదేళ్ళపాటు జీతమిచ్చి, ఉపాధ్యాయుడి దగ్గర శిక్షణ ఇప్పించే ఏర్పాటు మొదలుపెట్టింది.

మంచి ఆలోచన చౌక బేరంగా మారితే జరిగేది ఇదే. ఇది రెండు వందల ఏళ్ళ నాటి సీమ సంగతే అనుకోకండి. మొన్న బడి దగ్గర ఒక పెద్దమనిషి నన్ను మెచ్చుకుంటూ, "మీబోటివాళ్ళు ఊరికే వచ్చి చెప్తా ఉంటే ఇంక మాస్టర్లెందుకు సార్?" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం గుండె జల్లుమంది. నేను శుక్రవారం జ్వరం వస్తే రాను. మనవరాలి పెళ్ళికి పది రోజులు రాను. నన్ను అడిగేవాడు లేడు. అడగడానికి మనిషి ఉండాలి, ఆ మనిషికి శిక్షణ ఉండాలి, జీతం ఉండాలి. నేను కూరలో ఉప్పునే గాని అన్నాన్ని కాను. 2021లో కేంద్ర ప్రభుత్వం విద్యాంజలి పథకాన్ని కొత్తగా మలిచి, ఇష్టమున్నవాళ్ళు బడులకు సాయపడడానికి దారి తెరిచింది. సంతోషమే. పోవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు. పోతూ, మాస్టరు కుర్చీ ఖాళీగా ఉంటే దానిలో కూర్చోకుండా, అది ఖాళీగా ఉందని గట్టిగా చెప్పే బాధ్యత కూడా మనదే.

సక్రమంగా చేస్తే ఈ పద్ధతి ఎంత బాగుంటుందో చూడడానికి సీమ దాకా పోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి గారి ఋషివ్యాలీ ఉంది. 1980ల నుంచీ ఆ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతూ, పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలన్నిటినీ బొమ్మల గుర్తులున్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలాగా అమర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. కొన్ని మెట్లు టీచరుతో ఎక్కాలి, కొన్ని తోటి పిల్లల సాయంతో, కొన్ని ఒంటరిగా. పిల్లలు పిల్లలకు చెప్పుకుంటారు, టీచరు మాత్రం కనుమరుగు కాదు. ఆ పద్ధతిని చూసి కర్ణాటకం వాళ్ళు నలికలి అని మొదలుపెట్టారు, తమిళనాడు వాళ్ళు కూడా అందుకున్నారు. చట్టాంపిళ్ళకు బెత్తం తీసేసి నిచ్చెన ఇచ్చారన్నమాట.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. 1990-91 ప్రాంతంలో మా చిత్తూరు జిల్లాలో పెద్దవాళ్ళకు చదువు నేర్పే ఉద్యమం ఒకటి నడిచింది. దాని పేరు అక్షర తపస్మాను. ఊరూరా కుర్రవాళ్ళు, ఆడపిల్లలు పైసా తీసుకోకుండా తలా పదిమందిని కూర్చోబెట్టుకుని, రాత్రిపూట ఓనమాలు దిద్దించారు. పక్కన నెల్లూరు జిల్లాలో అదే రకం రాత్రిబళ్ళలో చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మీదికి కదిలారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా పోయింది. పలక బలపం అంత దూరం పోతుందని మొదలుపెట్టినవాళ్ళు అనుకుని ఉండరు.

తపస్మాను అంటే మా వైపు చంటిపిల్లవాడికైనా తెలుసు. ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సుకు పోయే రోజున, ఆకాశమంత ఎత్తు మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ మెట్టు మెట్టుగా పైకెక్కి, అక్కడి నుంచి నిమ్మకాయలూ విభూతి పొట్లాలూ కిందికి విసురుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు కింద కొంగు పట్టుకుని ఉంటారు. చదువు ఉద్యమానికి ఆ పేరు పెట్టిన మహానుభావులెవరో గాని, వాళ్ళకు దణ్ణం పెట్టాలి. ఎక్కినవాడు తన అస్త్రం తాను చూసుకుని ఊరుకోడు. కింద కొంగు పట్టినవాళ్ళు అతనికి జ్ఞాపకం ఉంటారు.

మా బడిలో ఇప్పుడు ఏర్పాటు మారింది. ఎనిమిదో తరగతి అమ్మాయి వారానికి అరగంట మాత్రమే చిన్నవాళ్ళకు చెపుతుంది. తక్కిన గంటన్నర నేను ఆ అమ్మాయి పక్కన కూర్చుని, తనకు రాని బీజగణితం చూస్తాను. అది నాకూ అంతంత మాత్రమే గనుక ఇద్దరమూ ఒకే చోట ఆగిపోతుంటాము. అప్పుడు లెక్కల టీచరమ్మ దగ్గరికి ఇద్దరమూ కలిసి పోతాము. చిన్నపిల్ల మామిడి సీజను అయిపోయినా బడికి వస్తూనే ఉంది. లెక్కల్లో పెద్ద దిట్ట అయిపోయిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఏడో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. కాని తడబడ్డప్పుడు తల దించుకోవడం మానేసి, "ఆగండి సార్, చెప్తా" అంటుంది. నేను ఆగుతాను. ఈ వయసులో నేను కొత్తగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

మొన్న వస్తూంటే మా ఎదురింటి పెద్దాయన మళ్ళీ పలకరించారు. "ఏమబ్బయ్యా, సట్టాంపిళ్ళ ఉద్యోగం ఎట్లుండాది?"

"అంత పెద్ద ఉద్యోగం నాకు రాలేదు మామా. అది ఎనిమిదో తరగతి పిల్లకు ఇచ్చినారు. నేను ఆ పిల్ల దగ్గర చేరినాను" అన్నాను.